మూంక్ బొమ్మలో మూడు వయసులు.. కోయని ఒక్క పువ్వు!

రెండు చేతులూ చెంపలకు ఆనించుకుని, నోరు తెరిచి భయపడుతున్న పసుపు మొహం బొమ్మ ఒకటి మనందరి ఫోన్లలో ఉంది. దాన్ని చూడగానే బొమ్మల సంగతి తెలిసినవాళ్ళకు గుర్తొచ్చేది నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మూంక్ 1893లో వేసిన 'కేక'. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనవాళ్ళు ఆయన్ని 'మంచ్' అంటారు, చాక్లెట్ పేరులాగ. నార్వేవాళ్ళు పలికేది మాత్రం మూంక్ అనే. (చాక్లెట్‌కీ ఈయనకీ నిజంగానే ఒక సంబంధం ఉంది. అది తర్వాత చెప్తాను.) 'కేక' గురించి ఇప్పటికే బోలెడంత రాశారు. నేను చెప్పాలనుకున్నది ఆయనదే ఇంకో బొమ్మ గురించి, అది వేసిన మనిషి బతుకు గురించి.

ఆ బొమ్మ పేరు 'జీవన నృత్యం'. 1899-1900లో వేశాడు. ఆరడుగుల పైచిలుకు పొడవు, నాలుగడుగుల ఎత్తు. సముద్రం ఒడ్డున పచ్చగడ్డి. వెనకాల చంద్రుడు, నీళ్ళ మీద నిలువుగా స్తంభంలా పడిన వెన్నెల. గడ్డి మీద జంటలు జంటలుగా డ్యాన్సు చేస్తున్నారు. ఎడమ పక్క తెల్లగౌను వేసుకున్న అమ్మాయి ముందుకు నడిచి వస్తోంది. ఆమె ముందు నేలలోంచి ఒక పూలమొక్క లేచి ఉంది, దాని వైపు చెయ్యి చాచింది. మధ్యలో ఎర్రగౌను స్త్రీ ఒక మగవాడితో ఆడుతోంది. ఆ గౌను అంచు వాడి కాళ్ళకు చుట్టుకుపోయింది. కుడి పక్క నల్లగౌను స్త్రీ. చేతులు రెండూ ముందు కలిపి పట్టుకుని, పీక్కుపోయిన మొహంతో ఆ జంటను చూస్తూ నిలబడింది. ఆమె దగ్గర పువ్వు లేదు. ఎరుపు ఆమె దగ్గరా లేదు. బొమ్మ మొత్తంలో పువ్వు ఉన్నది తెల్లగౌను పిల్ల ముందే. అది కూడా ఇంకా కోయలేదు, చెయ్యి చాచింది అంతే.

కొన్నేళ్ళ కిందట మేం ఒక బిల్డింగు హ్యాండోవర్ ఇస్తున్నప్పుడు కారిడార్లలో తగిలించడానికి ఫ్రేములు వచ్చాయి. అందులో ఇదొకటి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన పెయింటర్ ఒకతను లెవెల్ పట్టుకుని నిలబడి, "అన్నా, ముండమోసినామె ముందు, పెళ్లికూతురు తర్వాతనా, ఈ బొమ్మ ఉల్టా పెట్టినమా?" అన్నాడు. మనకు తెలుపు అంటే భర్త పోయినామె చీర, ఎరుపు అంటే పెళ్ళి. వాళ్ళకు తెలుపు పడుచుపిల్ల, ఎరుపు కోరిక, నలుపు చావుబట్ట. అందుకే మన కళ్ళతో చదివితే ఈ బొమ్మ తిరగబడుతుంది. కానీ పువ్వు దగ్గరికి వచ్చేసరికి తిరగబడదు. మన ఊళ్ళల్లో కూడా పెళ్ళికాని పిల్ల జడలో పువ్వు, పెళ్ళయినామె కొప్పులో పువ్వు, భర్త పోయాక పువ్వు తీసేస్తారు. మూంక్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఎర్రగౌనామెకి కూడా పువ్వు ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదు అన్నది తెలుసుకోవాలంటే ఆయన ఇంట్లోకి వెళ్ళాలి.

మూంక్ 1863 డిసెంబర్ 12న లోటెన్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి క్రిస్టియన్ మిలిటరీ డాక్టరు, దైవభయం బాగా ఎక్కువ. డబ్బు మాత్రం చాలా తక్కువ. ఐదుగురు పిల్లలు. సోఫీ పెద్దది, తర్వాత ఎడ్వర్డ్, ఆండ్రియాస్, లారా, ఇంగర్. మరుసటి ఏడాదే ఇప్పటి ఓస్లోకి మారారు. అప్పట్లో దాని పేరు క్రిస్టియానియా. 1868 చివర్లో తల్లి క్షయతో పోయింది. ఆమెకి ముప్ఫై దాటి ఎక్కువ కాలేదు, ఎడ్వర్డ్‌కి ఐదేళ్ళు, ఇంగర్ పసిగుడ్డు. 1877లో అదే జబ్బు సోఫీని తీసుకుపోయింది. అప్పటికి ఆమెకి పదిహేనేళ్ళు. అంటే తెల్లగౌను వయసులోనే ఆగిపోయింది అన్నమాట. ఎరుపూ చూడలేదు, నలుపూ చూడలేదు.

ఇంటిని నిలబెట్టింది తల్లి చెల్లెలు కారెన్. అక్క పోయాక వచ్చి పిల్లల్ని పెంచింది. తను పెళ్ళి చేసుకోలేదు. ఆకులు, నాచు, గడ్డిపరకలు అట్ట మీద అతికించి చిన్న చిన్న ప్రకృతి దృశ్యాలు చేసి అమ్మేది, ఇంటిఖర్చులో అదీ ఒక ఆధారం. పిల్లాడికి బొమ్మలు గీయమని ప్రోత్సాహం ఇచ్చింది కూడా ఆమే. నన్నడిగితే మూంక్ మొదటి గురువు ఈ పిన్నే. కాలేజీ పేర్లు రాసేవాళ్ళు ఈమె గురించి ఒక లైన్లో ముగిస్తారు.

మనలాంటివాళ్ళకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకోటి ఉంది. 1879లో తండ్రి ఇతన్ని ఇంజనీరింగ్ చదవడానికి టెక్నికల్ కాలేజీలో చేర్చాడు. డ్రాయింగ్, ఫిజిక్సు, లెక్కలు బాగానే వచ్చేవి. జబ్బులతో క్లాసులు పోయి, మరుసటి ఏడాది మానేసి పెయింటర్ని అవుతానన్నాడు. పాలిటెక్నిక్ మధ్యలో మానేసి వచ్చి బొమ్మలేస్తానంటే మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. అక్కడా తండ్రి సంతోషించలేదు.

1886లో 'జబ్బుపిల్ల' అనే బొమ్మ ప్రదర్శనలో పెట్టాడు. దిండుకి ఆనుకున్న ఎర్రజుట్టు పిల్ల, పక్కన తల వంచేసిన స్త్రీ. సోఫీ జ్ఞాపకమే అది. తల వంచిన స్త్రీకి కారెన్ పిన్నినే కూర్చోబెట్టాడు. రంగు పూసి, గీకి, మళ్ళీ పూసి, మళ్ళీ గీకి వేశాడు. పనితనం పూర్తికాని బొమ్మ అని జనం నవ్వారు, పత్రికలు తిట్టాయి. అదే బొమ్మను నలభై ఏళ్ళలో ఆరుసార్లు వేశాడు. అక్కని పదిహేనో ఏడు దాటించలేకపోయాడు.

1889లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్ళాడు. ఆ నవంబరులోనే తండ్రి పోయాడు. కబురు అందేసరికి ఆలస్యమైపోయింది, అంత్యక్రియలకు అందలేదు. ఈ ముక్క మన క్యాంపుల్లో చదివేవాళ్ళకు విడమర్చి చెప్పాల్సిన పని లేదు. ఆ శీతాకాలం పారిస్ పక్కన సాన్‌క్లూ అనే చోట గది తీసుకుని ఉన్నాడు. చీకటి గదిలో కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చున్న మనిషి బొమ్మ అప్పటిదే.

ఇక ఇంగర్ సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం నిదానంగా చెప్తాను. చిన్న చెల్లెలు ఇంగర్‌ని మూంక్ 1884లో వేశాడు. పదహారేళ్ళ పిల్ల. చర్చిలో పిల్లలు పెద్దవాళ్ళయినట్టు ఒప్పుకునే సంబరానికి కుట్టించిన నల్లగౌను వేసుకుని, చీకట్లోంచి తెల్లని మొహం, చేతులు మాత్రం కనబడేట్టు నిలబడింది. ఐదేళ్ళ తర్వాత, 1889 వేసవిలో, ఓస్గోర్‌స్ట్రాండ్ అనే సముద్రతీర పల్లెలో మళ్ళీ వేశాడు. ఈసారి ఇరవై దాటిన ఇంగర్ తెల్లబట్టల్లో, నాచు పట్టిన పెద్ద పెద్ద రాళ్ళ మీద, ఒళ్ళో గడ్డిటోపీ పెట్టుకుని కూర్చుంది. చూశారా? సొంత చెల్లెలి విషయంలో నలుపు ముందు వచ్చింది, తెలుపు తర్వాత వచ్చింది. తర్వాత పదేళ్ళకు అదే ఒడ్డున తెలుపు, ఎరుపు, నలుపు అని స్త్రీ బతుకుకి మూడు గళ్ళు గీసిన మనిషి, పక్కన ఉన్న మనిషిని చూసి వేసినప్పుడు ఆ గళ్ళు వాడలేదు.

దూరం నుంచి చూసేవాడికే దశలు కనబడతాయేమో అని నాకనిపిస్తుంది. మనం ఊరెళ్ళేది రెండేళ్ళకోసారి, మూడేళ్ళకోసారి. ఒక సెలవుకు వెళ్ళినప్పుడు చెల్లెలు స్కూలు జడలతో ఉంటుంది, ఇంకో సెలవుకు పెళ్ళిపీటల మీద, ఇంకో సెలవుకు చంకలో బిడ్డతో. మధ్యలో రోజులు మనకు లేవు. మూడు ఫొటోలు మిగులుతాయి. మూంక్ కూడా 1892 నుంచి ఓ పదహారేళ్ళు ఎక్కువగా బెర్లిన్, పారిస్, జర్మనీ ఊళ్ళు పట్టుకుని తిరిగినవాడే, వేసవికి ఓస్గోర్‌స్ట్రాండ్‌కి వచ్చి పోయేవాడు.

1892 నవంబరులో బెర్లిన్ కళాకారుల సంఘం పిలిచి ప్రదర్శన పెట్టించింది. చూసి హడలిపోయి వారానికే మూసేసింది. దాంతో జర్మనీ అంతా పేరు మోగిపోయింది. ప్రచారానికి ఖర్చు పెట్టినా అంత రాదు. అక్కడే ఉండిపోయి ప్రేమ, భయం, చావు అన్నవాటిని వరసగా బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. అన్నిటినీ కలిపి 'జీవిత చిత్రమాల' అనుకోవచ్చు. 'కేక' కూడా అందులోదే. 1902లో బెర్లిన్‌లో ఈ వరసలో 22 బొమ్మలు నాలుగు భాగాలుగా గోడల చుట్టూ తిప్పి పెట్టాడు. ప్రేమ మొలకెత్తడం, ప్రేమ పూచి రాలిపోవడం, బతుకంటే భయం, చావు. భాగాల పేర్లలో కూడా మొక్క, పువ్వు లెక్కే చూడండి.

'జీవన నృత్యం'కి ముందు రూపం 1894లో వేసిన 'స్త్రీ - మూడు దశలు'. అందులో తెల్లబట్టల పిల్ల సముద్రం వైపు తిరిగి, చేతిలో పూలు పట్టుకుని ఉంది. మధ్యలో స్త్రీ ఒంటి మీద నూలుపోగు లేకుండా, చేతులు తల వెనక పెట్టుకుని, ఎదురుగా మనల్నే చూస్తుంది. మూడో ఆమె నల్లబట్టల్లో చెట్ల నీడలో నిలబడింది. ఓ పక్కన తల వంచుకుని ఒక మగవాడు. మొదటి బొమ్మలో పువ్వులు పిల్ల చేతిలో ఉన్నాయి. ఐదారేళ్ళ తర్వాతి బొమ్మలో పువ్వు చేతికి రాలేదు, నేలలోనే ఉంది. మధ్యలో ఏం జరిగింది?

మధ్యలో 1898లో 'క్విక్‌బోర్న్' అనే జర్మన్ పత్రికకు వేసిన బొమ్మ ఒకటి ఉంది. పేరు 'బాధాపుష్పం'. ఒక మగవాడు తల వెనక్కి వాల్చి గుండె పట్టుకుని ఉంటాడు, గుండెలోంచి రక్తం నేలలోకి కారుతుంది, అక్కడి నుంచి ఒక పువ్వు లేస్తుంది. చూసినవాళ్ళందరూ ఒప్పుకునే అర్థం, ఆ పువ్వు కళ, ఆ రక్తం కళాకారుడిది. అంటే పిల్ల చేతిలో ఉన్న పువ్వు మెల్లగా మగవాడి గుండెలోకి మారిపోయింది. ఆమెది ఆశ, ఆయనది కళ! ఇక్కడ నాకు మూంక్ మీద కొంచెం కోపం వస్తుంది. ఆ రోజుల్లో బెర్లిన్ మద్యం దుకాణాల్లో ఆయనతో కూర్చునే రచయితలు, ముఖ్యంగా స్వీడన్ నాటకకర్త స్ట్రిండ్‌బెర్గ్, ఆడవాళ్ళంటే రక్తం పీల్చే పిశాచాలు అన్నట్టు మాట్లాడుకునేవాళ్ళు. ఆ మాటల మసి ఈ బొమ్మలకు అంటింది. ఎర్రగౌనామెకి పువ్వు ఇవ్వకపోవడానికి అదొక కారణం. ఆమె ఆయన కళ్ళకు పువ్వు కోరుకునే మనిషిలా కనబడలేదు, మగవాణ్ణి చుట్టుకునే మంటలా కనబడింది.

ఆ 1898లోనే ఆయన బతుకులోకి తుల్లా లార్సెన్ వచ్చింది. బాగా డబ్బున్న సారా వ్యాపారి కూతురు. ఆమె పెళ్ళి కావాలంది, ఈయన పారిపోయాడు. జబ్బులు, పిచ్చి వంశంలో ఉన్నాయి, పెళ్ళి చేసుకోకూడదు అనేది ఆయన పట్టు. అప్పటికే చెల్లెలు లారాకి మతి చెడి ఆసుపత్రుల పాలైంది. తమ్ముడు ఆండ్రియాస్ 1895లో పెళ్ళైన కొద్ది నెలలకే పోయాడు. ఈ గొడవ నడుస్తుండగానే 'జీవన నృత్యం' వేశాడు. అటు తెల్లగౌనులో, ఇటు నల్లగౌనులో ఉన్నది తుల్లా పోలికే అంటారు. మధ్యలో ఎర్రగౌనామె కుర్రతనంలో ప్రేమించిన, వేరొకరి భార్య అయిన స్త్రీ జ్ఞాపకం అంటారు. అలా చూస్తే, తుల్లాకి ఎడమ పక్కన అందని పువ్వు, కుడి పక్కన బిగించిన చేతులు. నడుమ డ్యాన్సు ఇంకొకరిది. ఒక ఆడమనిషికి ఇంతకంటే కటువైన జవాబు రంగుల్లో చెప్పడం కష్టం.

1902లో ఓస్గోర్‌స్ట్రాండ్‌లోని ఆయన చిన్న ఇంట్లో ఇద్దరికీ గొడవై, రివాల్వరు పేలింది. మూంక్ ఎడమచేతి నడిమివేలు దెబ్బతింది. ఆమె మరుసటి ఏడాది ఇంకో పెయింటర్ని పెళ్ళి చేసుకుంది. ఈయన ఆ వేలు చూసుకుంటూ ఏళ్ళ తరబడి ఆమెను బొమ్మల్లో తిడుతూనే ఉన్నాడు. తామిద్దరూ కలిసి ఉన్న బొమ్మను రంపంతో రెండు ముక్కలు చేశాడు.

తాగుడు ఎక్కువైంది. 1904లో జర్మనీలోని ల్యూబెక్‌లో లిండె అనే కళ్ళ డాక్టరు తన పిల్లల గదికి బొమ్మలు వేయమన్నాడు. తోట, చెట్లు, పూలకు నీళ్ళు పోసే ఆడపిల్లలు వేశాడు, బాగానే ఉంది. కానీ ముద్దులు పెట్టుకునే జంటల్ని కూడా వేశాడు. పిల్లల గదికి పనికిరావని డాక్టరు తిప్పి పంపేశాడు. ఏ తండ్రయినా అదే చేస్తాడు. 1908లో కోపెన్‌హాగన్‌లో పూర్తిగా కూలిపోయి డాక్టర్ జేకబ్‌సన్ ఆసుపత్రిలో చేరాడు. ఎనిమిది నెలలు ఉన్నాడు.

1909లో బయటికొచ్చి నార్వేకి తిరిగి వెళ్ళిపోయాడు. ఇక్కడి నుంచి బొమ్మల్లో వెలుగు పెరిగింది. ఓస్లో యూనివర్సిటీ హాలుకి వేసిన పెద్ద బొమ్మలు 1916లో తెర తీశారు. నడుమ సూర్యుడు, ఒక పక్క గోడ మీద సముద్రపు ఒడ్డున బిడ్డకు పాలిస్తున్న తల్లి. రంగును బట్టి తూకం వేయాల్సిన స్త్రీ కాదు ఈమె. మనలాంటి పనివాళ్ళు కూడా ఆయన బొమ్మల్లోకి వచ్చారు. పారలు భుజాన వేసుకుని మంచులో నిలబడ్డ కూలీలు, 1913-14లో వేసిన షిఫ్టు దిగి ఇళ్ళకు పోతున్న జనం. ఆ రెండోది చూస్తే సాయంత్రం మన బస్సుల దగ్గర గుంపే అనిపిస్తుంది.

అదే 1916లో ఓస్లో శివార్లలో ఎకెలీ అనే స్థలం కొన్నాడు. అది అంతకుముందు మొక్కలు పెంచి అమ్మే నర్సరీ! స్త్రీల బొమ్మల్లో పువ్వును అంత పిసినారితనంగా వాడినాయన మిగతా 27 ఏళ్ళూ ఆ తోటలోనే ఉన్నాడు. చెట్లను, యాపిల్ పళ్ళను మళ్ళీ మళ్ళీ వేశాడు. బొమ్మల్ని మాత్రం బయట వానకీ మంచుకీ వదిలేసేవాడు, తట్టుకున్నదే గట్టిదని లెక్క. మనం స్లాబు పోశాక నీళ్ళు కట్టి క్యూరింగ్ చేస్తాం, ఈయనది అదో రకం క్యూరింగ్. మ్యూజియంవాళ్ళు ఇప్పటికీ ఆ మరకలతో తంటాలు పడుతున్నారు.

ఇప్పుడు చాక్లెట్ సంగతి. 1922లో ఓస్లోలోని ఫ్రెయా చాక్లెట్ ఫ్యాక్టరీ తమ ఆడ కార్మికుల భోజనాల హాలుకి బొమ్మలు వేయమని ఈయన్ని అడిగింది. పన్నెండు వేశాడు. సముద్రపు ఒడ్డు, చెట్లు, పళ్ళు కోయడం, ఒడ్డున డ్యాన్సు. అదే ఒడ్డు, అదే డ్యాన్సు. కానీ ఇక్కడ చూసేవాళ్ళు బెర్లిన్ రచయితలు కాదు, ఉదయం నుంచి నిలబడి పనిచేసి మధ్యాహ్నం డబ్బా విప్పుకునే ఆడవాళ్ళు. ఎర్రగౌను మంట ఇక్కడ లేదు. 1934లో ఫ్యాక్టరీ కొత్త హాలు కట్టినప్పుడు ఈ బొమ్మల్ని అందులోకి మార్చారు. కార్మికుల క్యాంటీనులో అంతటి పెయింటర్ బొమ్మలు పెట్టిన యాజమాన్యం నాకైతే ఇంకెక్కడా తగల్లేదు.

మారిపోయాడు అని తేల్చి చెప్పడానికి మాత్రం లేదు. 1925లో 'జీవన నృత్యం' మళ్ళీ వేశాడు. మూడు గౌన్లూ అలాగే ఉన్నాయి.

1937లో నాజీలు జర్మనీ మ్యూజియాల్లోని ఆయన బొమ్మలు 82 చెడిపోయిన కళ అని తీసేశారు. 1940లో నార్వేనే ఆక్రమించారు. ఆ ఆక్రమణ ఉండగానే 1944 జనవరి 23న, ఎనభై ఏళ్ళకు, ఎకెలీలో పోయాడు. తన దగ్గరున్నదంతా ఓస్లో నగరానికి రాసిచ్చాడు. వెయ్యికి పైగా పెయింటింగులు, వేల డ్రాయింగులు, ఇంకా వేల ప్రింట్లు. వాటి కోసం 1963లో ఒక మ్యూజియం, చాలక 2021లో హార్బరు పక్కన పదమూడు అంతస్తుల కొత్తది కట్టారు.

ఆయన బొమ్మల్లో మూడు దశలు సరే, ఇంట్లో ఆడవాళ్ళలో ఆ మూడూ వరసగా దాటినామె ఒక్కరూ కనబడరు. తల్లి, సోఫీ సగంలోనే పోయారు. లారా బతుకు ఎక్కువగా ఆసుపత్రుల్లోనే గడిచి 1926లో ముగిసింది. కారెన్ పిన్ని తొంభై దాటి 1931 వరకు ఉంది, ఎవరి ఎర్రగౌనూ వేసుకోకుండానే. ఇంగర్ కూడా పెళ్ళి చేసుకోలేదు. కెమెరా పట్టుకుని ఓస్లో మధ్యలోంచి పారే ఆకెర్ నది ఫొటోలు తీసి 1932లో పుస్తకం వేసింది. అన్న పోయాక ఎనిమిదేళ్ళు బతికి 1952లో పోయింది. బెర్గెన్ ఊళ్ళో రాస్మస్ మేయర్ అనే మిల్లు యజమాని కొని కూడబెట్టిన బొమ్మల మ్యూజియంలో 'స్త్రీ - మూడు దశలు' ఉంది. అదే మ్యూజియంలో 1889 నాటి ఇంగర్ కూడా ఉంది, తెల్లబట్టల్లో, రాళ్ళ మీద కూర్చుని, ఒళ్ళో టోపీతో.